గొంతు మీద పసుపు మచ్చ: ఒక పిట్ట పేరు అడగబోయి దేశంలోని పిట్టలన్నింటినీ చదివిన సలీం అలీ

బొంబాయి ఖేత్‌వాడీలో ఒక పెద్ద ఉమ్మడి ఇల్లు. ఆ ఇంట్లో పదేళ్ల పిల్లాడికి మామయ్య ఒక ఎయిర్‌గన్ కొనిచ్చాడు. పిల్లాడి పని పిచ్చుకలను కొట్టడం. కొట్టిన పిచ్చుకను జబహ్ చేసి వండుకుని తినేవాళ్లు. ఒకరోజు కింద పడిన పిచ్చుకను చేతిలోకి తీసుకుంటే దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. రోజూ ఇంటి చూరులో కనపడే పిచ్చుకకు ఆ మచ్చ ఉండదు. పిల్లాడికి అనుమానం వచ్చింది. ఇది పిచ్చుకేనా, వేరే పిట్టా? వేరే పిట్ట అయితే తినొచ్చా, తినకూడదా?

హలాలా, కాదా అన్న ఆ చిన్న సందేహమే భారతదేశంలో పక్షి శాస్త్రానికి అంత పెద్ద మనిషిని ఇచ్చింది. ఆ పిల్లాడే సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. లోకానికి సలీం అలీ.

యతీం పిల్లాడు, మామయ్య ఇల్లు

సలీం 1896 నవంబర్ 12న సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరిలోకీ చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి పోయాడు. మూడేళ్ల వయసులో తల్లి జీనతున్నిసా పోయింది. పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఆ దంపతులకు సంతానం లేదు. గాంధీజీ వెంట నడిచిన అబ్బాస్ తయ్యబ్జీ కూడా ఈ కుటుంబం మనిషే.

అమీరుద్దీన్ వేట తెలిసిన మనిషి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు. మేనల్లుడు పట్టుకొచ్చిన పిట్టను చూశాడు. తనకూ పేరు తెలియలేదు. ఏదో ఒకటిలే, అవతల పారెయ్ అని పంపించేయలేదు. ఒక ఉత్తరం రాసిచ్చి, ఆ పిట్టతో సహా పిల్లాడిని సొసైటీ కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిలార్డ్ దగ్గరికి పంపాడు.

తెల్లదొర ఆఫీసుకు ఒక్కడే పోవాలంటే ఆ కాలంలో ఏ పిల్లాడికైనా కాళ్లు వణుకుతాయి. సలీంకూ వణికాయి. మిలార్డ్ మాత్రం పిట్టను చూసిన వెంటనే అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. అంతటితో ఆగకుండా అల్మరాలు తెరిచి, గడ్డి కూరి భద్రపరిచిన పిట్టలను ఒక్కొక్కటీ చూపించాడు. ఈ పిచ్చుకకూ ఊరపిచ్చుకకూ తేడా ఎక్కడుందో వివరించాడు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చాడు. తర్వాత పిట్ట చర్మాన్ని ఒలిచి ఎలా భద్రపరచాలో నేర్పించే ఏర్పాటు కూడా చేశాడు.

ఒక పెద్దాయన ప్రశ్నను పట్టించుకున్నాడు. ఇంకో పెద్దాయన జవాబు చెప్పాడు. సలీం అలీ జీవితంలో ఆ తర్వాత జరిగిన ప్రతిదానికీ మొదలు ఇక్కడే ఉంది.

ఒక పిట్టకు మూడు పేర్లు

ఆ రోజు మిలార్డ్ చేసిన పనినే స్కూలు పుస్తకంలో జీవుల వర్గీకరణ అంటారు. ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా పిల్లలు దీన్ని పరీక్ష కోసం బట్టీ పడతారు. రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. ఏడు మెట్లు. వరస తప్పితే మార్కు పోతుంది. ఎందుకు ఏడు మెట్లు, అసలు ఈ గొడవంతా దేనికి అన్నది మాత్రం చాలామందికి అర్థం కాకుండానే పరీక్ష అయిపోతుంది.

ఆదోని బజారులో నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పత్తి అమ్మడానికి వచ్చిన రైతు పిచ్చుక అంటాడు. కన్నడం మాట్లాడే ఆయన గుబ్బచ్చి అంటాడు. ఉర్దూ ఇంట్లో గౌరయ్యా అంటారు, దక్ఖనీలో అయితే మామూలుగా చిడియా అనేస్తారు. పిట్ట ఒక్కటే, పేర్లు మూడు నాలుగు. మళ్లీ చిడియా అంటే ఏ చిన్న పిట్టయినా కావచ్చు. ఒక ఊళ్లోనే ఇంత తికమక ఉంటే, బెర్లిన్‌లో కూర్చున్న మనిషికి, బొంబాయిలో కూర్చున్న మనిషికి ఇద్దరూ ఒకే పిట్ట గురించి మాట్లాడుకుంటున్నారని ఎలా తెలుస్తుంది?

దీనికోసమే స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్ ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని నిలబెట్టాడు. 1758లో వచ్చిన ఆయన పుస్తకం పదో ముద్రణ నుంచే జంతువుల శాస్త్రీయ నామాలు లెక్కలోకి వస్తాయి. మొదటి మాట ప్రజాతి, రెండో మాట జాతి. ఇంటిపేరు, సొంత పేరు లాగా అనుకోవచ్చు. ఊరపిచ్చుక పేరు పాసర్ డొమెస్టికస్. రెండో మాటకు ఇంటికి సంబంధించినది అని అర్థం. సలీం కొట్టిన పిచ్చుక పేరులోని రెండో మాట జాంథోకొలిస్. అంటే పసుపు మెడది. పిల్లాడికి అనుమానం తెప్పించిన మచ్చే దాని శాస్త్రీయ నామంలో కూర్చుని ఉంది.

ఈ రెండు పిట్టలూ జంతు రాజ్యంలోవే. రెండింటికీ వెన్నెముక ఉంది. ఈకలున్నాయి కాబట్టి రెండూ పక్షుల తరగతిలోకి వస్తాయి. కొమ్మను పట్టుకుని కూర్చోవడానికి తగిన వేళ్లున్న పిట్టల క్రమం కూడా ఒక్కటే, పిచ్చుకల కుటుంబమూ ఒక్కటే. ప్రజాతి దగ్గరికి వచ్చేసరికి దారులు విడిపోతాయి. పై మెట్టు నుంచి కిందికి దిగేకొద్దీ పోలికలు పెరుగుతూ, గుంపు చిన్నదవుతూ పోతుంది. ఏడు మెట్ల సంగతి ఇంతే.

పైకి కనిపించే ఒక్క గుర్తును పట్టుకుంటే పొరపాటు పడతాం. గబ్బిలం ఎగురుతుంది, అయినా పక్షి కాదు. దానికి ఈకలు లేవు, వెంట్రుకలున్నాయి. పిల్లలకు పాలిస్తుంది. అందుకే ఆవు, మేక, మనిషి ఉన్న క్షీరదాల తరగతిలో ఉంటుంది. తిమింగలం నీళ్లలో ఉన్నా చేప కానిది కూడా ఇందుకే. ఇక అన్నింటికన్నా కింది మెట్టు జాతి. సహజంగా తమలో తాము జతకట్టి, మళ్లీ పిల్లల్ని కనగలిగే సంతానాన్ని ఇచ్చే జీవుల గుంపును జాతి అంటారు.

ఈ లెక్క రాతి మీద గీత కూడా కాదు. సలీం అలీ కాలంలో పసుపు గొంతు పిచ్చుకను పెట్రోనియా ప్రజాతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు జిమ్నోరిస్ అంటున్నారు. ఒకప్పుడు ఊరపిచ్చుకలనూ గిజిగాళ్లనూ ఒకే కుటుంబంలో కలిపి రాసేవాళ్లు, తర్వాత విడదీశారు. కొత్త సాక్ష్యం దొరికితే పాత లెక్క దిద్దుకోవడం ఈ శాస్త్రంలో మామూలే.

లెక్కలు రావు, డిగ్రీ లేదు

సలీం చదువులో ముందున్న పిల్లాడేమీ కాదు. చిన్నప్పుడు తలనొప్పులతో బడి మానాల్సి వచ్చింది. 1913లో బొంబాయి యూనివర్సిటీ మెట్రిక్ ఎలాగో గట్టెక్కాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరాడు గానీ లెక్కలు మింగుడు పడలేదు. మొదటి ఏడాదే కాలేజీ వదిలేసి బర్మాలోని తవోయ్ వెళ్లిపోయాడు. అక్కడ కుటుంబానికి వుల్‌ఫ్రమ్ గనులు, కలప వ్యాపారం ఉన్నాయి. వ్యాపారం చూసుకోమని పంపితే ఆయన చుట్టూ ఉన్న అడవిలో పిట్టలను చూస్తూ తిరిగాడు.

1917లో బొంబాయికి తిరిగొచ్చి దావర్ కామర్స్ కాలేజీలో వాణిజ్య చట్టం, అకౌంట్స్ చదివాడు. ఆ చదువు నడుస్తుండగానే, ఫాదర్ ఎథెల్బర్ట్ బ్లాటర్ చెప్పిన మీదట, సెయింట్ జేవియర్స్‌లో జంతుశాస్త్రం పాఠాలకూ వెళ్లాడు. ఒక పూట ఖాతా పుస్తకాలు, ఇంకో పూట కప్పలూ పిట్టలూ. 1918 డిసెంబర్‌లో తెహ్మీనాతో నికాహ్ అయింది.

జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఒకటి ఉందని తెలిసి ఆయన ప్రయత్నించాడు. యూనివర్సిటీ డిగ్రీ లేదు కాబట్టి రాలేదు. పిట్టల గురించి తెలిసింది ఎంత అన్నది అక్కడ లెక్కలోకి రాలేదు. చివరికి 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా కుదిరాడు. వచ్చిన వాళ్లకు బొమ్మల్లాంటి జంతువులను చూపించి వివరించడం పని. జీతం నెలకు 350 రూపాయలు.

రెండేళ్లకు ఆ పని విసుగొచ్చింది. సెలవు పెట్టి జర్మనీ బయల్దేరాడు. బెర్లిన్ జంతుశాస్త్ర మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ ఆయన్ను శిష్యుడిగా తీసుకున్నాడు. స్ట్రెసెమాన్ ఆ కాలంలో ప్రపంచంలోనే పేరున్న పక్షి శాస్త్రవేత్త. జాతి అనే మాటకు ఇవాళ పుస్తకాల్లో ఉన్న నిర్వచనానికి పేరుపడ్డ ఎర్నెస్ట్ మేయర్ కూడా ఆయన శిష్యుడే. డిగ్రీ ఏదని బెర్లిన్‌లో ఎవరూ అడ్డుపడలేదు. సలీం అలీ జీవితాంతం తన గురువుగా చెప్పుకున్నది స్ట్రెసెమాన్ పేరే.

1930లో ఇంటికొచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగం లేదు. డబ్బుల్లేవని ఆ పోస్టునే తీసేశారు. ముప్పై దాటిన వయసు, పెళ్లయింది, చేతిలో పని లేదు, చూపించుకోవడానికి డిగ్రీ లేదు.

మగ్గం లేని నేతగాడు

బొంబాయిలో ఖర్చులు భరించలేక భార్యాభర్తలు సముద్రం ఒడ్డున ఉన్న కీహిం అనే పల్లెకు మకాం మార్చారు. ఇంటి దగ్గర చెట్లకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. సలీం అలీ వాటి ముందు నెలల తరబడి కూర్చున్నారు.

ఎమ్మిగనూరు వాళ్లకు నేత పని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఊరు అది. పడుగు ఎలా సాగాలో, పేక ఎక్కడ బిగియాలో ఇంటింటా తెలుసు. గిజిగాడు ఆ పనిని ముక్కుతో, కాళ్లతో చేస్తాడు. గడ్డి ఆకుల నుంచి, తాటాకుల నుంచి సన్నని పీచు చీల్చి తెచ్చి, ముడి వేసి, ఒకదాని కిందుగా ఇంకోటి దూర్చి అల్లుతాడు. ఒక్క గూటికి వందల సార్లు వెళ్లి రావాలి.

సలీం అలీ కనిపెట్టింది ఏమిటంటే, నేసేది మగపిట్ట, నాణ్యం చూసేది ఆడపిట్ట. మగపిట్ట గూటిని సగం వరకు అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి, లాగి, పరీక్షగా చూస్తాయి. నచ్చితే ఒకటి అందులో ఉండిపోతుంది. అప్పుడు మగపిట్ట మిగతా సగం, పొడవాటి ద్వారంతో సహా పూర్తి చేస్తుంది. నచ్చకపోతే గూడు అలాగే వేలాడుతూ మిగిలిపోతుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే మగపిట్ట పక్కనే ఇంకో గూడు మొదలెడుతుంది, ఇంకో ఆడపిట్ట కోసం. చెట్లకు సగం గూళ్లు ఎందుకు వేలాడుతుంటాయో జనం తరాలుగా చూస్తున్నారు. అసలు కారణం ఉద్యోగం పోయిన ఒక మనిషి ఓపికగా కూర్చుని చూస్తే బయటపడింది. ఆ అధ్యయనమే పక్షి శాస్త్రవేత్తల్లో ఆయనకు పేరు తెచ్చింది.

తుంగభద్ర అవతల

జీతం ఇచ్చేవాళ్లు దొరకలేదు. అప్పుడు ఆయన ఒక దారి వెతికారు. తనకు జీతం అక్కర్లేదని, క్యాంపు ఖర్చులు పెట్టుకుంటే చాలు, మీ రాజ్యంలోని పక్షులన్నింటినీ లెక్క రాసిస్తానని సంస్థానాలకు ప్రతిపాదన పెట్టారు. ఒప్పుకున్న వాటిలో నిజాం హైదరాబాద్ ఒకటి. 1931, 1932లలో హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వే జరిగింది.

ఆదోని అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లాలో ఉండేది. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే అవతల రాయచూరు, నిజాం రాజ్యం. సలీం అలీ సర్వే ఆ అవతలి రాజ్యానిది. ఎడ్లబండ్ల మీద సామాను వేసుకుని, డేరాలు కట్టుకుని, తెహ్మీనా కూడా వెంట ఉండగా ఊరూరూ తిరిగారు. నల్లమలలో ఫరహాబాద్ అడవుల దాకా వెళ్లారు. ఫలితాలు 1933, 1934లలో బాంబే సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, ఇంకా ఎన్నో సంస్థానాలు.

ఆయన పద్ధతి వేరు. చచ్చిన పిట్టలను డ్రాయర్లలో పెట్టి, ఈక రంగులో ఇసుమంత తేడా ఉంటే కొత్త ఉపజాతి అని పేరు పెట్టే పని మీద ఆయనకు పెద్ద ఇష్టం ఉండేది కాదు. ఆ పిట్ట ఏం తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది, ఎవరితో జతకడుతుంది అన్నవి ఆయనకు కావాలి. పేరు తెలుసుకోవడంతో చదువు మొదలవుతుందని, అక్కడితో అయిపోదని ఆయన పని చెబుతుంది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆయన చాలా పిట్టలను తుపాకీతో కొట్టి నమూనాలుగా భద్రపరిచారు. మంచి కెమెరాలు లేని కాలంలో శాస్త్రం అలాగే నడిచింది. నమూనా చేతిలో లేకుండా జాతిని తేల్చడం కష్టంగా ఉండేది. అయినా పిట్టలను కాపాడమని దేశాన్ని అడిగిన మనిషి చేతిలోనే అంతకుముందు తుపాకీ ఉండేదన్నది నిజం.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయారు. బొంబాయి సుఖాలు వదిలి డేరాల్లో బతకడానికి ఒప్పుకున్న మనిషి ఆమె. ఆయన ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క, బావ ఆయన్ను తమ ఇంట్లో ఉంచుకున్నారు. రెండేళ్లకు, 1941లో, ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. రంగుల బొమ్మలు చూసి పిట్టను గుర్తుపట్టేలా, మామూలు చదువరి కోసం రాసిన పుస్తకం. తర్వాత అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి భారత్, పాకిస్తాన్ పక్షుల మీద పది సంపుటాల గ్రంథం రాశారు. అది 1968 నుంచి 1974 వరకు వెలువడింది.

నల్లరేగడిలో బట్టమేక

జాతీయ పక్షిని ఎంచుకునే చర్చ వచ్చినప్పుడు సలీం అలీ బట్టమేక పక్షి వైపు గట్టిగా నిలబడ్డారు. ఉర్దూలో తుగ్దార్ అంటారు. మనిషి నడుము దాటేంత ఎత్తు ఉండే, గడ్డి మైదానాల్లో తిరిగే బరువైన పిట్ట. నెమలికి జనంలో ఆదరణ ఉంది, అది ఎలాగూ బతుకుతుంది. జాతీయ పక్షి హోదా అవసరమైంది అంతరించిపోయే బట్టమేకకు అని ఆయన ఆలోచన. 1963లో నెమలినే ఎంచుకున్నారు.

కర్నూలు జిల్లా నల్లరేగడి మైదానాల్లో, రోళ్లపాడులో, ఆ పిట్టలు ఉండేవి. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు అక్కడ మకాం వేసి వాటిని అధ్యయనం చేశారు. 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీద పెడుతుంది. బీడు దున్నితే, కుక్కలు తిరిగితే, కరెంటు తీగలు అడ్డం వస్తే ఆ ఒక్క గుడ్డుకూ, ఆ పిట్టకూ దిక్కు లేదు. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. రోళ్లపాడులో ఆ పిట్ట కనిపించడమే గగనమైంది.

రాయలసీమ ఆయనకు ఒక సంతోషం కూడా ఇచ్చింది. కలివికోడి అనే పిట్టను 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరూ చూడలేదు. ఇక లేదనే అనుకున్నారు. సొసైటీ శాస్త్రవేత్త ఒకరు కడప జిల్లా పల్లెల్లో తిరిగి, అడవి తెలిసిన స్థానికుల సాయం తీసుకోగా, 1986 జనవరిలో అది మళ్లీ దొరికింది. సలీం అలీకి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్లు. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్ట, పల్లె జనం నోట్లో పేరుతో సహా బతికే ఉంది.

పేర్లలో మిగిలినవాళ్లు

డిగ్రీ లేదని ఉద్యోగం రాని మనిషికి 1958లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, 1973లో ఢిల్లీ యూనివర్సిటీ, 1978లో ఆంధ్రా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. పాల్ గెట్టీ బహుమతి సొమ్మును ఆయన ప్రకృతి సంరక్షణ నిధికి పెట్టేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది వచ్చిన ఆత్మకథకు ఒక పిచ్చుక నేలకు రాలడం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 1987లో, తొంభై ఏళ్ల వయసులో, బొంబాయిలో కన్నుమూశారు. దేశంలో పక్షి శాస్త్రానికి ఉన్న పెద్ద కేంద్రం, కోయంబత్తూరులో, ఆయన పేరు మీదే ఉంది.

వర్గీకరణ శాస్త్రం మనుషులను గుర్తుపెట్టుకునే పద్ధతి ఒకటుంది. నైరుతి భారతంలోని ఒక వడ్రంగి పిట్ట ఉపజాతికి 1934లో తెహ్మినే అని పేరు పెట్టారు. డేరాల్లో భర్త వెంట తిరిగిన తెహ్మీనా పేరు అది. తూర్పు వైపు ఉండే ఒక గిజిగాడి ఉపజాతి పేరులో సలీం అలీ ఉన్నారు. దక్షిణ భారత కొండల్లో బతికే ఒక అరుదైన గబ్బిలానికి 1972లో లాటిడెన్స్ సలీంఅలీ అని పేరొచ్చింది. జీవితమంతా పిట్టల వెంట తిరిగిన మనిషి పేరు, ఎగురుతుంది గానీ పిట్ట కాని జీవికి కూడా దక్కింది.

ఆదోని కోట కొండ మీద, ఎమ్మిగనూరు కాలవ గట్టు తుమ్మ చెట్ల మీద ఇప్పటికీ పిట్టలు వాలుతూనే ఉన్నాయి. ఏ పిల్లాడో, పిల్లో వాటిలో ఒకదాన్ని చూపించి ఇదేం పిట్ట అని అడగొచ్చు. తెలియకపోతే తప్పులేదు. అమీరుద్దీన్ తయ్యబ్జీకి కూడా తెలియలేదు. తెలిసిన వాళ్ల దగ్గరికి పంపించాడు, అంతే.